అమ్మ తరఫున చెప్పిన జవాబులు

అమ్మ తుంటి ఎముక విరిగి ఏడు నెలలైంది. ఆపరేషన్ చేశారు గానీ పట్టుకుని నిలబెడితే కాళ్లు వణుకుతాయి. ఇక నడవదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

అంతకు ముందు ఏడాది చోడవరంలో ఎముకల పరీక్షల క్యాంపు పెడితే నేనే తీసుకెళ్లాను. మడమకు మిషను పెట్టి చూశాక ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలు అడిగింది. వాటిని బట్టి ముందు ముందు ఎముక విరిగే ప్రమాదం ఎంతుందో లెక్క వస్తుందట. నాకసలే తొందరెక్కువ. అనకాపల్లి బస్సుకు టైమవుతోంది. పైగా పదిమందిలో అమ్మ నోరు విప్పితే నాకు నామోషీ. పట్నంలో ఉద్యోగం చేసి నేను నేర్చుకున్న గొప్ప అదే.

పొగ తాగుతారా అంది. లేదన్నాను. అమ్మ నలభై ఏళ్లుగా చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. ఆ మాట ఆ పిల్లతో ఎలా చెప్పను? ఇంతకు ముందు ఎముకేదైనా విరిగిందా అంది. అమ్మ కుడిచెయ్యి ఎత్తి ఏదో అనబోయింది.

"నువ్వుండమ్మా," అని, దానికీ లేదన్నాను.

పెద్ద ప్రమాదమేమీ లేదని డాక్టరు కాల్షియం మాత్రలిచ్చి పంపేశాడు. బస్సు దొరికిందని సంబరపడ్డాను.

వానల్లో పెరట్లో బట్టలు తీస్తూ అమ్మ జారింది. గట్టిగా పడలేదు కూడా, కూలబడిందంతే. ఆసుపత్రిలో సర్జను ఆమె వంకర మణికట్టు చూసి ఇదెప్పుడు విరిగిందని అడిగాడు. అమ్మే చెప్పింది: పన్నెండేళ్ల కిందట గుమ్మం దగ్గర తూలి చెయ్యి ఆనించిందట, లోపల టప్పుమన్నదట. చీడికాడ వైపు కట్టు కట్టే ఆయన వెదురుబద్దలు వేశాడు. ఎక్స్‌రే లేదు, ఇంట్లో అందరం బెణుకే అనుకున్నాం. అప్పుడు సెలవు పెట్టి వచ్చి, నెలరోజులు ఆమెకు తల దువ్వి అన్నం తినిపించింది నేనే. ఇది ముందే తెలిస్తే ఎముకలు గట్టిపడే మందు మొదలుపెట్టేవారని సర్జను మామూలుగానే అన్నాడు.

ఆయన వెళ్లాక, ఆరోజు ఎందుకు చెప్పలేదని అమ్మ మీదే విసుక్కున్నాను.

"సెబుదామనే సెయ్యెత్తేనే. నువ్వుండమ్మా అన్నావు. నీకు తెలుసు గావాల అనుకున్నాను," అంది.

చూడ్డానికి ఎవరొచ్చినా ఏటైందని అడుగుతారు. కాలు జారిందంటుంది అమ్మ. నా మాట ఎత్తదు. నేను మంచం పక్కనే ఉంటాను, ఆ జవాబును మాత్రం సరిచేయను.