నవల్లో మొదలైన వాన

భద్రాచలం బస్సులో, నూటయాభై ఏళ్ల కిందటి ఇంగ్లండు పల్లెటూరి మీద రాసిన నవల చదువుకుంటున్నాను. పక్కసీట్లో కూర్చున్న కారేపల్లి రైతు మరియమ్మ, ‘కథేంది బిడ్డా?’ అని అడిగింది.

కోతలైన సాయంత్రం హీరో తను ప్రేమించిన అమ్మాయి గేటు దగ్గర నిలబడి, ఆ మాట ఎలా చెప్పాలా అని నాలుగు పేజీలుగా ఆలోచిస్తున్నాడన్నాను.

‘పంటేడున్నది?’

‘పొలంలోనే. మబ్బు పట్టింది.’

‘కప్పిండా?’

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. కప్పలేదు.

‘అసొంటోనికి పిల్లనెవరిస్తరు!’ అని ముందు సీటువాళ్లకూ చెప్పింది. ప్రేమ సంగతి ఒక్కరూ అడగలేదు. ‘జల్దీ పేజీ తిప్పు సారూ’ అన్నారు. తిప్పాను. వాన మొదలైంది.

మరియమ్మ వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. ‘కల్లంల మిర్చి మీద పరదా కప్పు. ఎండ కొడ్తే ఏంది, కప్పుమంటున్న గదా!’

‘అమ్మా, ఇది కథ’ అన్నాను.

‘కథేనని నాకెర్క లేదా? నా మిర్చి కథ కాదు గదా!’

నేనూ విశాఖలో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేసి, దండెం మీద బట్టలు తీసేయమన్నాను.

‘అక్కడ వానా?’ అంది.

‘ఇంగ్లండులో’ అన్నాను.