మోచేయి దెబ్బతిన్న మొదటి ఎంపిక

ఈ ఉదయం ఫోన్ తెరవగానే, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్ ఒకడు ముప్పై ఎనిమిదో ఏట రిటైరయ్యాడన్న కబురు కనిపించి మనసు కలుక్కుమంది. నా ఈడువాళ్లకు నవ్వొస్తుందేమో, అతను నిజం మనిషి కాదు, ఆన్‌లైన్ బేస్‌బాల్ ఆటలో కంప్యూటర్ పుట్టించిన ఆటగాడు. మనకు మూడు నెలలు గడిస్తే అక్కడ ఏడాది గడుస్తుంది కాబట్టి, పద్దెనిమిదేళ్ల వాణ్ణి నేను ఎంచుకున్నది ఐదేళ్ల కిందటే, విండ్సర్ కార్ల ఫ్యాక్టరీలో నా చివరి ఏడాది.

ఆ లీగ్ నడిపేది రెజైనాలో ఉండే మా తోడల్లుడు. ఒక జట్టు ఖాళీగా ఉందని నన్ను చేర్చుకున్నాడాయన. క్రికెట్ తప్ప తెలియని నేను లైబ్రరీలో బేస్‌బాల్ పుస్తకాల అర మొత్తం చదివేశాను గానీ, ఆట లెక్కలో వరసగా రెండేళ్లు ఆఖరి స్థానమే దక్కింది. మూడోసారీ అక్కడే ఉంటే జట్టు పోతుందన్నది ఆయన పెట్టిన నియమం.

ఏటా కొత్త కుర్రాళ్ల జాబితా వస్తుంది, జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అమెచ్యూర్ డ్రాఫ్ట్ అంటే అదే, అందులో కిందటేడు ఆఖరున నిలిచినవారికే మొదటి ఎంపిక. కాలేజీలో ఆడి వెంటనే దిగగలిగినవాణ్ణి తీసుకుంటే గట్టెక్కేవాణ్ణే. కానీ మోచేతి గాయంతో అందరూ పక్కనపెట్టిన ఆ కుర్రాడి దగ్గర నా చూపు ఆగిపోయింది. అలాంటి చేతికి ఆపరేషన్ చేస్తే ఏడాది దాటాక మళ్లీ విసిరినవాళ్లు ఉన్నారని అప్పుడే ఒక పుస్తకంలో చదివాను. ఈ ఆట తయారుచేసినవాళ్లూ అది చదివారో లేదో తెలుసుకోవాలన్న కుతూహలం, జట్టు పోతుందన్న భయాన్ని మించిపోయింది.

తోడల్లుడు ఫోన్లో ఒకటే నవ్వు. "అన్నయ్యా, చెయ్యి పోయినవాణ్ణి ఎవరైనా ఫస్ట్ పిక్ చేస్తారా? లైబ్రరీలో డాక్టర్ కోర్సు కూడా చేశారా ఏంటి!"

ఆపరేషన్ అయ్యాక ఆ ఏడాదంతా వాడు బెంచీ మీదే కూర్చున్నాడు, మేం మళ్లీ ఆఖరున నిలిచాం, జట్టు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి పోయింది. ఆ మరుసటి ఏడు వాడు బంతి అందుకుని వరసగా గెలిపిస్తుంటే, పరాయి జట్టు స్కోర్లు లైబ్రరీ కంప్యూటర్లో చూసుకుంటూ నాలో నేనే మురిసిపోయేవాణ్ణి. ఒక శనివారం తోడల్లుడి ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, ఇద్దరు మంచి ప్లేయర్లని ఇచ్చేసి మీవాణ్ణి ట్రేడ్ చేసుకున్నా. ఎన్ని రోజులకోసారి దింపాలో ఇక మీరే చెప్పాలి."

అది మొదలు ప్రతి శనివారం నేను చదివింది చెప్పడం, ఆయన రాసుకోవడం.

ఇప్పుడు గాయం పక్కనే, కోలుకునే అవకాశం ఎంతో ఆటే అంకెల్లో చూపిస్తోంది, ఎప్పుడు దింపాలో కూడా అదే చెబుతోంది. లైబ్రరీలో ఆ అర ఉన్నచోట ఫోన్లు ఛార్జ్ చేసుకునే బల్లలు వచ్చాయి. శనివారం ఫోన్లు ఎప్పుడు ఆగిపోయాయో గుర్తే లేదు.

రెజైనాలో ఇంకా తెల్లవారలేదు. ఆయన లేచాక ఫోన్ చేసి, మనవాడు రిటైరయ్యాడట అని చెబుతాను. ఆ కబురు ఆయనకూ వచ్చే ఉంటుంది, అయినా చేస్తాను.