బీరువాలో ఇన్‌హేలర్

2022లో కరీంనగర్ దగ్గర ఒక బాలికల గురుకులంలో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. సెలవుల నుంచి పిల్లలు తిరిగి రాగానే పెట్టెలు వెతకడం అక్కడి పద్ధతి. తొక్కు పచ్చడి సీసాలు పిల్లలకు, మందులన్నీ సిక్‌రూమ్ బీరువాకు. తాళంచెవి వార్డెన్ కొంగున ఉండేది.

ఏడో తరగతి రవళికి ఆస్తమా. అమ్మానాన్నలు మరమగ్గాల మీద పనిచేస్తారు. రవళి రిలీవర్ ఇన్‌హేలర్, అంటే బిగుసుకున్న ఊపిరి గొట్టాలను త్వరగా వదులు చేసే మందు, అది కూడా బీరువాకే చేరింది.

"ఇది పిల్ల దగ్గరనే ఉండాలె మేడం" అని ప్రిన్సిపాల్‌తో అప్పుడే అన్నాను.

"ఒక్కరికిస్తే అందరు మందులు దగ్గర పెట్టుకుంటమంటరు సిస్టర్. రూల్ రూలే" అన్నారామె.

బతుకమ్మ సెలవులకు ముందు బడిలోనే ఆట పెట్టారు. పిల్లలు గునుగు పూలు దులిపి కట్టలు కడుతుంటే ఆ నూగుకు రవళికి ఆయాసం మొదలైంది. నేను వెళ్లేసరికి మాట రావడం లేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తీరా చూస్తే వార్డెన్ తాళంచెవితో సహా పూల కోసం ఊళ్లోకి వెళ్లిందట! నాకు ఒళ్లు మండిపోయింది. వాచ్‌మన్ రాయితో తాళం పగలగొట్టాడు. మందు పీల్పించాక గాని పిల్ల పెదాలకు రంగు రాలేదు.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. తువ్వాలకు ఇంకా నూలు పోగులు అంటుకునే ఉన్నాయి.

"బిడ్డను తీస్కపోత సిస్టరమ్మా. గీ సదువు లేకున్నా పాణమైతే ఉంటది."

"నేను రాను బాపు" అని రవళి పెట్టె మీద కూర్చుని ఏడ్చింది.

ఇద్దరినీ ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్లాను. "మేడం, పిల్లల కళ్లద్దాలు తీసి బీరువాల పెడుతున్నమా? సదివేటప్పుడు అచ్చి అడుగుమంటున్నమా?"

ఆమె ఇన్‌హేలర్ తెప్పించి రవళి చేతికిచ్చారు. "ఎట్ల వాడుతవో చూపియ్యి బిడ్డా."

రవళి కళ్లు తుడుచుకుని ఒక్క తప్పూ లేకుండా చూపించింది. మేడం దాన్ని వెనక్కి అడగలేదు. "నీ జేబులనే పెట్టుకో" అన్నారు.

"ఇగ ఫికర్ లేదు. వాళ్లమ్మ బట్టలకు లోపల జేబు కుట్టిస్తది" అంటూ వాళ్ల నాన్న ఒక్కడే బస్సెక్కాడు.

మరుసటి ఏడు బతుకమ్మ ఆటలో రవళి గునుగు కుప్పకు దూరంగా, వరుసలో చప్పట్లు కొడుతూ తిరిగింది. మధ్యలో ఒకసారి జేబు తడుముకుని, పాట అందుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ఏ బడికి బదిలీ అయినా పెట్టెలు వెతికే రోజున నేను దగ్గరుంటాను. ఇన్‌హేలర్ దొరికితే ఆ పిల్ల జేబులోనే పెడతాను. తాళంచెవి వచ్చేదాకా ఊపిరి ఎదురుచూడదు.