స్కూటీ అద్దం మీది మెరూన్ బొట్టు

తార్నాకలో మా ఫిజియోథెరపీ మేడం పోయారు. పొద్దున క్యాంపస్‌లో క్లాసు ముగించి బయటికి వస్తుంటే ఆమె భర్త ఫోన్ చేశారు. "మేడం లేదమ్మ ఇగ. నిద్రలనే పోయింది" అన్నారు. ఆయన కూడా ఆమెను మేడం అనే అనేవారు. నాకేమనాలో తోచక "సరే సార్" అన్నాను. చావు కబురుకు సరే అన్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పీహెచ్‌డీ చివర్లో నా దవడ కీలు పట్టేసింది. చెవి ముందు ఒకటే నొప్పి, ఆవలిస్తే టక్కుమని చప్పుడు. నోట్లోకి ఒక్క వేలు పట్టడం గగనమైంది. వైవా దగ్గర పడుతోంది. ఇన్నేళ్ళు చదివిందంతా నోరు తెరిచి చెప్పాల్సిన రోజున నోరే తెరుచుకోకపోతే ఎలాగని గుబులు. పళ్ళ డాక్టరు చూసి, పళ్ళలో ఏ లోపమూ లేదని, ఫిజియో దగ్గరికి వెళ్ళమన్నారు.

మేడం నన్ను బల్ల మీద పడుకోబెట్టి తల కింద చేతులు పెట్టారు. దవడ జోలికే పోలేదు. నాకు ఒళ్ళు మండింది. "నొప్పి ఇక్కడ మేడం" అని చూపించాను.

"తెలుసు బిడ్డా. తల ముందటికేసి పొద్దంత లాప్‌టాప్ చూస్తున్నవు. మెడ మొత్తం బిగుసుకున్నది. అది వదిలితెనే దవడ వదుల్తది. జర ఆగు."

ఆ చేతులు పెద్దగా ఏమీ చేసేవి కావు. పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట, వేళ్ళు ఆనించి ఊరికే ఉండేవారు. కాసేపటికి నా తల బరువు నాది కాకుండా పోయేది. తార్నాక చౌరస్తా బస్సుల రొద, లాలాగూడ వైపు ఎక్కడో రైలు కూత, అన్నీ నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టుండేది. నిద్రో మెలకువో తెలిసేది కాదు. ఆ మత్తులోనే ఆమె గొంతు వినిపించేది: "నాలిక అంగుడికి ఆనియ్యి. గడ్డం లోపలికి గుంజు, నిమ్మళంగ. పెదాలు కలవాలె, పండ్లు కలవొద్దు."

మీరూ ఒకసారి చూసుకోండి. ఇది చదువుతూ పళ్ళు బిగించే ఉంటారు.

ఇంటి దగ్గర చేయమన్నవి నేను మర్చిపోతానని ఆమెకు తెలుసు. అందుకే తను పెట్టుకునే మెరూన్ స్టిక్కర్ బొట్ల అట్ట నా చేతిలో పెట్టారు. "నువ్వు చూసే జాగలల్ల అంటియ్యి. బొట్టు కనవడ్డప్పుడల్ల పండ్లు కొరుకుతున్నవా చూస్కో. వదిలెయ్యి." లాప్‌టాప్ మూల, హాస్టల్ తలుపు, స్కూటీ అద్దం, దొరికినదానికల్లా బొట్టు పెట్టాను. నాకేదో మొక్కు ఉందనుకుంది మా రూమ్మేట్.

వైవా నాటికి నోట్లో మూడు వేళ్ళు పట్టాయి. అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెప్పాను. లడ్డూలు తీసుకెళ్తే మేడం, "నోరు తెరువు, చూస్త" అని ఒకటి మొత్తంగా నా నోట్లోనే పెట్టేశారు. ఆమె చలవ వల్లే ఇవాళ నేను చదివిన క్యాంపస్‌లోనే పాఠం చెప్పి బతుకుతున్నాను.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. మేడంకు దండం పెట్టి, సార్‌తో రెండు మాటలు మాట్లాడి కిందికి వచ్చేశాను. స్కూటీ తీయబోతుంటే అద్దం మీద, ఎండకు వెలిసిపోయిన ఆ బొట్టు. అలవాటుగా చూసుకున్నాను. పొద్దుటి నుంచీ పళ్ళు బిగబట్టే ఉన్నాను.

నాలుక పైకి ఆనించి, దవడ వదిలాను. అప్పుడొచ్చింది ఏడుపు. అక్కడే స్కూటీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తల ఎత్తేసరికి, అద్దంలో ఆ బొట్టు సరిగ్గా నా నుదుటి మీద ఉంది.