చిన్నమ్మకు చూపించని కాగితం

కిందటి నెల కొత్తగూడ కూడలి దగ్గర కంటి ఆసుపత్రికి వెళ్ళాను. ముందు కళ్ళల్లో చుక్కలు వేశారు. లోకమంతా మసకబారి, ఎదుటి మనిషి ముక్కు ఎక్కడుందో తెలియని స్థితికి వచ్చాక, ఒక అమ్మాయి పలకలాంటి తెర తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇక్కడ వేలితో సైన్ చేయండి మేడమ్" అంది. చదవాలి కదమ్మా అన్నాను. "ఫార్మాలిటీ మేడమ్, అందరు చేస్తరు" అని నవ్వింది. కళ్ళకు మసక పెట్టి సంతకం చేయమనే తెలివి ఎవరిదో గానీ, నాకు రోత పుట్టింది. చూపు తేరుకునేదాకా సంతకం పెట్టనని భీష్మించుకుని కూర్చున్నాను. కూర్చుంటే మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు. తొంభైల చివర, మాదాపూర్‌లో అద్దాల మేడ కొత్తగా లేచి, చుట్టూ ఇంకా బండలు పేలుస్తున్న రోజుల్లో, ఆమె కొండాపూర్ వైపు ఒక మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరు. వారమంతా పిల్లల చేత గ్రామరు వల్లె వేయించేది, ఆదివారం చర్చిలో పాడేది. వాన పడితే రేకుల కప్పు చప్పుడుకు పాస్టరు గారి ప్రసంగం ఆగిపోయేది గానీ చిన్నమ్మ పాట ఆగేది కాదు. ఇంట్లో అదే గొంతుతో చిన్నాన్నను కేకేసేది. ఆయనది బాలానగర్ ఫ్యాక్టరీలో లేత్ యంత్రం మీద పని. "ఫ్యాక్టరీ సైరనే నయం, రోజుకు కొన్నిసార్లే మోగుతది" అనేవాడు, ఆమెకు వినపడేట్టే. తెలుగు పేపరు ప్రకటనలతో సహా చదివేసేవాడు. ఇంగ్లీషు కనబడితే మాత్రం "మీ చిన్నమ్మనడుగు" అని నా చేతిలో పెట్టేవాడు.

చిన్నమ్మకు మెడ దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్, తీసేయాలన్నారు. అప్పుడే తెరిచిన పెద్ద దవాఖాన, నేలలో మన ముఖం కనబడేది, బల్లబల్లకూ కంప్యూటరు. డిగ్రీ చదువుతున్న నేను తోడుగా వెళ్ళాను. ఆపరేషన్ రోజు పొద్దున ఆమెకు పచ్చ గౌను తొడిగి పడుకోబెట్టాక, నర్సు గుమ్మంలోంచి "పేషెంటు తరఫు మగవాళ్ళెవరు?" అని కేకేసింది. చిన్నాన్న లేచాడు. "ఏం కాగితం? జర నాకు చూపియ్యమ్మా" అని చిన్నమ్మ దిండు మీంచి తల ఎత్తింది. "మీరు టెన్షన్ పడొద్దమ్మా" అని నర్సు తలుపు వేసేసింది. నేను లోపల చిన్నమ్మ దగ్గరే ఉండిపోయాను. కింద కౌంటరులో చిన్నాన్న చేతికి పెన్నిచ్చి, జల్దీ పెట్టు, డాక్టరు ఎదురుచూస్తున్నారని తొందర చేశారట. కాగితమంతా ఇంగ్లీషు, చీమల బారులాంటి అక్షరాలు. పైకీ కిందికీ చూసి, పాపం, సంతకం పెట్టేశాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పే మనిషి తలుపు వెనక, ఆ భాష రాని మనిషి చేతిలో కాగితం! ఓటు కావాలంటే గోడల నిండా తెలుగు రాస్తారు, సబ్బు అమ్మాలంటే తెలుగులో పాడతారు, మెడ కోయాలంటే మాత్రం ఇంగ్లీషు కావలసి వచ్చింది వీళ్ళకు. ఛీ!

గడ్డ పోయింది. గొంతూ పోయింది. బొంగురు గుసగుస ఒకటి మిగిలింది. వస్తుంది, ఆగండి అన్నారు. నెలలు గడిచినా రాలేదు. చివరికి ముగ్గురం వెళ్ళి డాక్టరును నిలదీశాం. ఆయన చలించలేదు. ఫైలు తెప్పించి, ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ రాసే ఉందండి. మీవారి సంతకం కూడా ఉంది కదండీ" అన్నాడు. కోతలో పొరపాటు జరిగిందో లేదో నాకిప్పటికీ తెలియదు. గొంతు నరం ఆ గడ్డను ఆనుకునే ఉంటుందట, మంచి చేతిలో కూడా ఒక్కోసారి దెబ్బతింటుందట. సరే, అదలా ఉంచండి. ఆ కాగితం మీద నిమ్మళంగా ఆనించిన ఆ వేలును మాత్రం నేనింకా క్షమించలేదు.

చిన్నమ్మ ఫైలు తన వైపు లాక్కుంది. చదివింది. మళ్ళీ మొదటికొచ్చి చదివింది. "ఆరు లైన్లు, ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. మా పిల్లలు గిట్ల రాస్తే మళ్ళ రాయిపిస్తుంటి" అని గొణిగింది. తర్వాత చిన్నాన్న వైపు తిరిగి, "గొంతు పోవచ్చు అని రాసిన్రు" అంది. ఆరు లైన్లకూ అర్థం అంతే.

చిన్నాన్న ఫైలులో తన సంతకం వైపు చూశాడు. "గా ముక్క నోటితోటి చెప్తే అయిపోతుండె కద సార్" అన్నాడు.

"భయపడతారని మేం చెప్పమండి" అన్నాడు డాక్టరు.

"చెప్తే భయపడుతుంటి సార్. అయినా చేయించుకుంటుంటి" అంది చిన్నమ్మ. "ఇంకొక్క ఆదివారం పాడుకొని వస్తుంటి, గంతే." ఆ మాట వినడానికి డాక్టరు బల్ల మీదికి వంగవలసి వచ్చింది.

తర్వాత బడిలో ఆమెకు పాఠాలు తీసేసి పరీక్ష పేపర్లు దిద్దే పని ఇచ్చారు. చర్చిలో పాడేవాళ్ళ వరసలోనే నిలబడి పెదవులు కదిపేది. చిన్నాన్న ఇంట్లో ఆమె పిలవకముందే లేచి వచ్చేవాడు. చిన్నమ్మ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. ఆమె పాట గుర్తు తెచ్చుకుందామని నేను కళ్ళు మూసుకుంటే ముఖం వస్తుంది, పెదవులు కదులుతాయి, వినబడేది మాత్రం ఆ బొంగురు గుసగుసే. ఆ పాత గొంతును కాలం నా చెవుల్లోంచి కూడా తీసేసింది.