ఆన్‌లైన్ కేసినోకి నా ముఖం చూపించిన వారం

మా ముత్తాతగారు గోదావరికి తూర్పున ఏడూళ్ల జమీందారు. ఆయన కొడుకు, మా తాతగారు, ఆనరరీ మేజిస్ట్రేటు. అది జీతం లేని పదవి కాబట్టే మా ఇంట్లో దానికి అంత గౌరవం. తాతగారి పెద్దకొడుకు, మా పెదనాన్నగారు, ఏ పదవీ లేకుండానే చివరిదాకా ఊరందరికీ దొరగారు. వాళ్ల తర్వాత నేను. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేస్తుంటాను. మా ఆస్తి పేకాటలో పోలేదు, కోర్టుల్లో పోయింది. ఈ తేడా ఎవరైనా మరిచిపోతే పెదనాన్నగారు వెంటనే దిద్దేవారు.

పోగా మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గది ఒక టేకు కుర్చీ. ముత్తాతగారు దాంట్లో కూర్చుని తగవులు తీర్చారు, తాతగారు దాంట్లో కూర్చుని జరిమానాలు వేశారు. దాని వీపు గోడలా నిటారుగా ఉంటుంది. జారగిలబడదామన్నా కుదరదు. చిన్నప్పుడు నన్ను దాంట్లో కూర్చోబెట్టి అన్నం తినమనేవారు. ఇప్పటికీ ఆఫీసులో చక్రాల కుర్చీలో నేను వెనక్కి వాలను. మా టీమ్‌లో వాళ్లకి అదొక వింత.

ఈ వేసవిలో పెదనాన్నగారు పోయారు. ఆయనకి పిల్లలు లేరు. ఇంటికి పెద్దవాణ్ణి కాబట్టి కర్మ నేను చేశాను. చివరి రోజుల్లో చూసుకున్నవాడు మా చిన్నాన్న కొడుకు కాబట్టి సామాను వాడికి చెందింది. పెదనాన్నగారే అలా పంచి వెళ్లారు, అందులో నాకు పేచీ లేదు. నేను ఇర్వింగ్‌కి తిరిగొచ్చిన కొన్నాళ్లకి తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, పెదనాన్న ఉన్న వాటా ఖాళీ చేయాలి. కుర్చీకి బేరం వచ్చింది. బైపాస్ పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్ వాళ్లు అడుగుతున్నారు.”

“ఫంక్షన్ హాలుకి మన కుర్చీ దేనికి?”

“స్టేజీ మీదకి. రిసెప్షన్‌లో పెళ్లికొడుకుని కూర్చోబెడతారంట. బంగారు రంగు కొడతామన్నారు.”

“బంగారు రంగా!”

“నువ్వు తీసుకుంటానంటే నీకే ఇస్తాను. కానీ ఊరికే ఇవ్వలేను అన్నయ్యా, నా పరిస్థితి నీకు తెలుసుగా. వాళ్లు ఆదివారం పొద్దున బండి పంపుతారు.”

“ఆదివారం లోపల డబ్బు నీ అకౌంట్‌లో ఉంటుంది,” అన్నాను.

అంత ధీమాగా అనడానికి కారణం ఉంది. ఆఫీసులో ఒకతను చూపిస్తే కొన్నాళ్లుగా నేనొక స్వీప్‌స్టేక్స్ కేసినోలో ఆడుతున్నాను. అందులో రెండు రకాల కాయిన్లు ఉంటాయి. ఒక రకం ఉత్త సరదాకి, ఎన్ని పోగేసినా వాటితో ఏమీ రాదు. రెండో రకంతో ఆడి గెలిస్తే బహుమతి డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ రెండో రకం కొనక్కర్లేదు. రోజూ లాగిన్ అయితే కొన్ని ఇస్తారు, వాళ్లు చెప్పిన వాక్యాన్ని చేత్తో కార్డు మీద రాసి పోస్టులో పంపితే మరికొన్ని ఇస్తారు. కొనుగోలు లేదు కాబట్టి ఇది జూదం కాదని వాళ్ల వాదన. వాళ్ల నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. మా వంశం ఇన్ని కోర్టులు తిరిగింది, అంత నున్నటి వాదన మా లాయర్లలో ఒక్కరికీ తట్టలేదు.

నేను కార్డులు రాసి పంపాను. మా మాస్టారు దిద్దించిన ఇంగ్లీషు చేతిరాత ఇన్నేళ్లకి ఒక పనికొచ్చింది. ఆ కాయిన్లతో లంచ్ టైములో స్లాట్ ఆటలో బొమ్మలు తిప్పుతుంటే ఒక మధ్యాహ్నం స్క్రీనంతా మెరిసింది. కుర్చీ ధరకి సరిపడా, ఆ పైన కాస్త మిగిలేంత వచ్చింది. ఇల్లు నడిచే మా ఇద్దరి జీతాల్లోంచి గానీ, అమ్మాయి కాలేజీకి దాచిన దాంట్లోంచి గానీ కుర్చీ కోసం ముట్టకూడదని నా పట్టు. ఇది మాత్రం ఎవరిదీ కాదు, నాది.

తమ్ముడి ఫోన్ పెట్టేసి డబ్బుగా మార్చమని నొక్కితే, ఆ కేసినో యాప్ ముందు నేనెవరో రుజువు చేసుకోమంది.

అడగడం సబబే. వయసు నిజమో కాదో, ఆటని అనుమతించే రాష్ట్రంలో ఉన్నానో లేదో, ఒకే మనిషి పది పేర్లతో ఆడుతున్నాడో ఏమో వాళ్లకి తెలియాలి. పైగా నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇది ఎలా పని చేస్తుందో చూద్దామని సంబరంగానే మొదలుపెట్టాను. డ్రైవింగ్ లైసెన్స్ ముందూ వెనకా ఫొటో తీయమంది, తీశాను. తర్వాత ఫోన్‌లో ఒక గుండ్రటి గీత వచ్చింది. ముఖం అందులో పెట్టు, ఎడమకి తిరుగు, కుడికి తిరుగు, తల దించు, ఎత్తు. బొమ్మ కాదు, బతికున్న మనిషేనని తెలుసుకోవడానికట. చెప్పినట్టు చేశాను. కాసేపు ఆలోచించి, లైసెన్స్‌లోని మనిషితో పోలిక కుదరలేదని చెప్పింది.

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తొంగిచూసింది. “ఏవండీ, ఆ లైసెన్స్ ఫొటో ఒకసారి చూడండి. మీ ముఖంలో సగం మీసమే ఉంది.”

నిజమే. మా ఇంట్లో మగవాళ్లందరిదీ ఒకటే మీసం, చివర్లు పైకి తిరిగి ఉంటుంది. అమెరికా వచ్చినా నేను తగ్గించలేదు. పెదనాన్నగారి కర్మ రోజున గోదావరి ఒడ్డున తలా మీసమూ తీసేశారు. తల మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మీసం ఇంకా గరుకుగా నీడలా ఉంది.

“కాటుకతో దిద్దనా?” అంది.

“వేళాకోళం చాలు.”

“అబ్బే, మీ ముత్తాతగారి ఫొటో చూసి అచ్చం అలాగే దిద్దుతాను.”

నేను మాత్రం అప్పటికే ఇంకో ఆలోచనలో పడ్డాను. ఈ యంత్రం ముఖంలో దేన్ని చూస్తుంది? కళ్ల మధ్య దూరమా, దవడా, ముక్కు గీతా? మా నాయనమ్మ పురిటి గదిలోకి వెళ్లగానే బిడ్డ చెవులు చూసేదట. తమ్మెలు అతుక్కుని ఉంటే మనవాడే అని బయటికి వచ్చి చెప్పేదట. లైట్ మార్చి చూశాను, కళ్లద్దాలు తీసి చూశాను, బాల్కనీలోకి వెళ్లి చూశాను. కళ్లద్దాలు తీస్తే పోలిక బాగా కుదిరే వరకూ వచ్చి ఆగిపోతోంది. బాల్కనీలో అయితే మొదట్లోనే కాదంటోంది. ఎందుకో తెలుసుకోవాలని ఆ సాయంత్రమంతా దానితోనే గడిపాను. చివరికి అది విసిగి, మనిషితో వీడియో కాల్‌కి అపాయింట్‌మెంట్ ఇచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి.

ఈలోగా ఇంకోటి అడిగారు. నా పేరూ ఈ అడ్రసూ కలిసి ఉన్న కాగితం, మూడు నెలల లోపుది కావాలి. ఇందులో ఇబ్బంది ఏముంటుందనుకున్నాను. వెతికితే తెలిసింది. కరెంటు బిల్లు మా ఆవిడ పేరున ఉంది, అపార్ట్‌మెంట్‌లో చేరిన రోజు తనే ఫోన్ చేసి పెట్టించుకుంది. ఇంటర్నెట్ కూడా తనదే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పైన తన పేరు వస్తుంది. ఫోన్ బిల్లు సంగతి మరీ బాగుంది. ఇక్కడ మనవాళ్లు చాలామందిలాగే మేమూ ఒకరి ఫ్యామిలీ ప్లాన్‌లో చేరి నెలనెలా మా వాటా పంపేస్తాం. ఆ ఫ్యామిలీకి పెద్ద న్యూజెర్సీ పిస్కాటవేలో ఉండే నా పాత రూమ్‌మేట్.

“అంటే ఆ ప్లాన్‌లో మీరు వాళ్ల వంశం,” అంది మా ఆవిడ.

“నా పేరున ఈ ఇంటికి ఏమీ రాదా?”

“ఎందుకు రాదు? పిజ్జా కూపన్లు వస్తాయి.”

ఏడూళ్ల శిస్తు రసీదుల మీద మా వాళ్ల పేరు అచ్చయ్యేది. ఇక్కడ ఒక గదిలో వెలిగే దీపం కూడా నా పేరున లేదు. చిన్నబుచ్చుకోవాల్సిన విషయమే గానీ, నాకు ముందు ఆశ్చర్యమే కలిగింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, ట్యాక్సులు కడుతూ, కాగితాల మీద దాదాపు లేకుండా ఎలా ఉన్నాను?

అప్పుడు గుర్తొచ్చింది, కిందటి నెల కౌంటీ నుంచి ఒక పిలుపు వచ్చింది. కోర్టులో జ్యూరీకి రమ్మని. ఇక్కడ లైసెన్స్ ఉన్నవాళ్ల పేర్లు తీసి పంపుతారు, సిటిజన్ కాకపోయినా పొరపాటున వస్తుంది. సిటిజన్‌ని కానని గుర్తు పెట్టి కింద సగం చించి పంపేశాను. పై సగం పారేయలేదు. ఒకరి తగవు వినడానికి ప్రభుత్వం మా ఇంటి మనిషిని పిలవడం తాతగారి తర్వాత అదే మొదటిసారి. దాని మీద నా పేరు పూర్తిగా, అడ్రసు పూర్తిగా ఉన్నాయి.

శుక్రవారం వీడియోలో ఒక యువతి కనిపించింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది, మర్యాదగా, ఏ తొందరా లేకుండా.

“సర్, లైసెన్స్‌ని చెంప పక్కన పట్టుకోండి. థాంక్యూ. ఫొటోలో మీ మీసం చాలా పెద్దది.”

“మా పెదనాన్నగారు పోయారు. మా ఆచారం ప్రకారం తీసేశాను.”

“అయ్యో, సారీ సర్. మా అమ్మమ్మ వైపు ఎవరైనా పోతే కొన్నాళ్లు గోళ్లు తీయరు,” అంది. వాళ్లెక్కడి వాళ్లో అడుగుదామనుకున్నాను, అడగలేదు. “ఇప్పుడు మెల్లగా పక్కకి తిరగండి. చెవి కనిపించాలి.”

“చెవా?”

“అవును సర్, చెవులు పెద్దగా మారవు.”

నాయనమ్మ ఉంటే ఈ అమ్మాయిని మెచ్చుకునేది. ఇటు తిరిగాను, అటు తిరిగాను.

“ఇప్పుడు తల బాగా కిందికి దించండి.”

కొద్దిగా దించాను.

“ఇంకా సర్. గడ్డం ఛాతీకి తగిలేలా.”

“అంతకంటే వంగదండి ఆయనకి, ఒళ్లే అంత,” అని మా ఆవిడ వంటింట్లోంచి తెలుగులో అంది.

ఆ యువతి ముఖం మారింది. “సర్, గదిలో ఇంకెవరైనా ఉన్నారా? మీకేం చెప్పాలో చెబుతున్నారా?”

“మా ఆవిడ. ఆమె చెప్పింది నేను ఎప్పుడూ చేయను.”

ఆమె నవ్వు ఆపుకుంది. రూల్ ప్రకారం మా ఆవిడ పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాల్సి వచ్చింది. నేను తల దించాను, గడ్డం తగిలేదాకా. ఎత్తాను. జ్యూరీ కాగితం చూపించాను. ఆమె దాన్ని తేదీతో సహా చదివింది.

“ఇలాంటిది ఎవరూ పంపలేదు సర్. కానీ కౌంటీ కాగితం, పేరుంది, అడ్రసుంది. తీసుకుంటాను.”

“అయితే నేను నేనేనా?”

“నా వరకు మీరు మీరే. రివ్యూ టీమ్ ఇంకోసారి చూస్తుంది. వీకెండ్ కాబట్టి సోమవారం తేలుతుంది, తర్వాత డబ్బు వస్తుంది.”

శనివారం సాయంత్రం, అక్కడ ఆదివారం తెల్లవారుతుండగా, తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, ఏమీ పడలేదు. హాల్ వాళ్ల బండి బయల్దేరింది.”

“ఆదివారం లోపల అన్నాను. కుదరలేదు.”

“కుదరకపోతే రెండ్రోజులు ఆగమను, ఆపేస్తాను. నువ్వొక్క మాట అడుగు చాలు. ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాను వాళ్లని.”

మా ఆవిడకి అంతా వినిపిస్తోంది. అడగమని చేత్తో సైగ చేసింది. మా ఇంట్లో గడువులు ఇచ్చినవాళ్లున్నారు, ఇచ్చిన మాటకి గడువు అడిగినవాళ్లు లేరు. ఆ కుర్చీ ముందు నిలబడి ఎంతమంది అడిగారో, వాళ్లలో ఎవరికి దొరికిందో, దొరకనివాళ్లు ఇంటికెళ్లి ఏం చేశారో నాకు తెలియదు. మొదటిసారి తెలుసుకోవాలనిపించింది. చెప్పగలిగిన పెదనాన్నగారు లేరు.

“నువ్వు వాళ్లకి మాటిచ్చావు కదా,” అన్నాను తమ్ముడితో. “నిలబెట్టుకో.”

“నీ ఇష్టం అన్నయ్యా,” అన్నాడు. అటువైపు బండి హారన్ వినిపించింది.

సోమవారం పొద్దున నా గుర్తింపు ఖాయమైందని మెయిల్ వచ్చింది. కుర్చీ ఆదివారమే అమ్ముడైంది. దానితోపాటు ముందు వేసే కాళ్లపీట కూడా తమ్ముడు ఇచ్చేశాడు.