ఎండిన బోరుకు చెంబెడు నీళ్లు

మా అత్త ఇంట్లో నీటిబొట్టు వృథా అయ్యేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు సొరపాదుకు, స్నానం నీళ్లు కరివేపాకు చెట్టుకు. గిన్నెలు తోమడానికి బూడిద, కొబ్బరిపీచు. అంత పొదుపరి, రోజూ సాయంత్రం చెంబెడు మంచినీళ్లు తీసుకెళ్లి పెరట్లో ఎండిపోయిన బోరు గొట్టంలో పోసేది. పోసి, గొట్టానికి చెవి ఆనించేది.

ట్యాంకరు దగ్గర బిందె కోసం కొట్లాడి వచ్చిన రోజున నాకు ఒళ్లు మండింది.

"ఏంది అత్తా ఈ పని?"

"నీళ్లు పడతాయని ఈ బోరు ఏపిచ్చి, దప్పికతోనే పాయె మీ మామ. ఆయన తాగేది ఇనపడతాండాది. గమ్మునుండు అమ్మీ."

ఆమె పోయాక, అలవాటు తప్పించడం ఇష్టంలేక నేనే పోస్తున్నాను. నిన్న మొదటిసారి గొట్టానికి చెవి ఆనించాను. లోపల గుటకలు వినిపించాయి.

ఒక్కరివి కావు. ఇద్దరివి.